పూజలో ఉన్న ఫిరంగి

తోడేలు బెడద పడలేక కుందేళ్లు పొరుగడవి నుంచి ఓ ఫిరంగి తెప్పించుకున్నాయి.

"నా ముళ్లుండగా అదెందుకురా?" అన్నాడు ముళ్లపంది బాబాయి.

"నీది లోకల్ సరుకు బాబాయ్," అని నవ్వేశాడు కుందేళ్ల పెద్ద చెవులయ్య.

ఆయుధపూజ నాడు ఫిరంగికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాయి. సరిగ్గా అప్పుడే తోడేలు దిగింది.

"పేల్చండ్రా," అన్నాడు బాబాయి.

"పూజలో ఉన్నదాన్ని ఇవాళ ముట్టుకోకూడదు," అన్నాడు చెవులయ్య. తోడేలు చేతిలో కొబ్బరిముక్క పెట్టి, "మీరు రేపు రండి," అని మర్యాదగా చెప్పాడు.

తోడేలు కొబ్బరి నమిలేసి చెవులయ్య చెవి పట్టుకుంది. బాబాయి వెనక్కి తిరిగి ముళ్లతోకతో ఒక్క విసురు విసిరాడు. మూతినిండా ముళ్లతో తోడేలు కుయ్యోమంటూ పారిపోయింది.

కుందేళ్లకు బుద్ధొచ్చింది. మరుసటేడు ఫిరంగిని పక్కకు నెట్టేసి, బాబాయిని పీట మీద కూర్చోబెట్టి, ముల్లుముల్లుకీ బొట్టు పెట్టి దండ వేశాయి. అంతలో మళ్లీ తోడేలు వచ్చింది.

"బాబాయ్, లే, లే," అని తొందరపెట్టాడు చెవులయ్య.

బాబాయి కొబ్బరిముక్క నములుతూ, "ఇవాళ నేను పూజలో ఉన్నాను నాయనా. రేపు రమ్మను," అన్నాడు.