సారు మడుగు

జనగామ జిల్లాలో ఊళ్లకు, వాగులకు పేర్లెలా వచ్చాయో నేనో పుస్తకం రాస్తున్నాను. భూగోళం పంతుల్ని కదా, నాకు తెలియనిది ఉండదని ధీమా.

దేవరుప్పుల దగ్గరి వాగులో ఒకచోటును ఇప్పుడు ‘సారు మడుగు’ అంటున్నారని విని, ఒడ్డునే ఉండే ముసలామె జోహరాబీని అడిగాను.

"పన్నెండేండ్ల కింద ఒక సారు మ్యాపు చూసి, మోకాలి లోతేనని దిగిండు. మా ఆయన గుంజకపోతే గాడ్నే మునిగిపోతుండె. ఒడ్డెక్కినంక గూడ మ్యాపు తప్పుగాదు, వాగుదే తప్పన్నడు!"

ఆ సారు నేనే. ప్రాణం నిలిపినాయనకు మళ్లీ మొహం చూపించలేదు. సిగ్గుతో, "పేరుకు మూలం తెలియదు" అని రాసుకుని లేచాను.

"ఈసారన్న వంతెన మీదికెల్లి పో సారూ," అంది జోహరాబీ.