ఎర్రబడే పట్టీలు

కాలేజీలో పిల్లలకీ మాస్టార్లకీ చేతికి ఒత్తిడి కొలిచే పట్టీ తప్పనిసరి. ఏ ఒక్కరిది ఎర్రగా వెలిగినా ఆ పూటకి పాఠమైనా పరీక్షైనా ఆపేయాలి. లెక్కల క్లాసులో మాత్రం రోజూ వెలుగుతోంది. ఎందుకో తేల్చడమే డిగ్రీ రెండో ఏడాది హిమజ పరిశోధన.

క్లాసుకు ముందు స్నేహితుల వెంట వెళ్లేసరికి గుట్టు తెలిసిపోయింది. గేటు పక్క బండి దగ్గర అందరూ గింజ తీయని మిరపకాయ బజ్జీలు తింటున్నారు. ఆ కారానికి గుండె దడదడలాడుతోంది, పట్టీ ఎర్రబడుతోంది.

బండి చాటున కళ్లు తుడుచుకుంటూ లెక్కల మాస్టారు సూర్యారావు కనిపించారు.

"మీరు కూడానా సార్?"

"ఒక్కోరోజు వీళ్లు మర్చిపోతారేమోనని, ఎందుకైనా మంచిదని నేనూ ఒకటి తింటానమ్మా. నువ్వూ రెండు లాగించు. మధ్యాహ్నం నీ పరిశోధన వైవా నేనే చెయ్యాలి."