గున్నకు సైరన్ భయం

మధ్యాహ్నం రెండింటికి మోగే ఫ్యాక్టరీ సైరన్ ఆగేసరికి భీమశంకరం మంచం కింద ఉన్నాడు. పక్కనే అతన్ని కరుచుకుని గున్న ఉంది.

"ఏవండీ, అక్కడేం చేస్తున్నారు?" భార్య బుల్లెమ్మ వంగి చూసింది.

"కనబడ్డం లేదూ? నీ కుక్కపిల్ల సైరన్‌కి హడలిపోయి దూరింది. బయటికి లాగుదామని..."

"లాగండి మరి."

నాలుగు నెలల పిల్లే గాని దూడంత ఉంది, ఒళ్లంతా తెలుపు. బయటికి వచ్చీ రాగానే బట్టల తీగ తెంపింది, బిందె దొర్లించింది, ఇంటివాళ్ల గోంగూర మడి తొక్కి పారేసింది. "గున్నా! ఆగరా!" అని భీమశంకరం గొంతు చించుకున్నా వెనక్కి చూస్తే ఒట్టు. అబ్బ, ఏం మొండిఘటమో! చెయ్యెత్తి ఎదురుగా నిలబడితే గాని ఆగలేదు.

దాన్ని పోయిన వారం తెచ్చి ఇచ్చింది ఐలన్న, భీమశంకరం పనిచేసే మందుల ఫ్యాక్టరీలో గేటు వాచ్‌మన్. "కొండాపూర్ దిక్కు కోళ్ల ఫారం కాడ పుట్టింది సారూ. పెద్ద జాతి. మీరే సాదుకోండ్రి" అని తాడు చేతిలో పెట్టి పోయాడు.

"ఇది ఇలా బెదిరితే ఏదో ఒకరోజు బాంబే రోడ్డెక్కి లారీ కింద పడుతుంది," అంది బుల్లెమ్మ. "మీరే భయం పోగొట్టాలి. రోజూ రెండింటికి కాస్త కాస్త సైరన్ దగ్గరికి తీసుకెళ్లండి."

"నా మోకాలు నొప్పి సంగతి?"

"మంచం కిందికి దూరినప్పుడు లేని నొప్పి నడిస్తే వస్తుందా?"

నిజానికి మోకాలికి ఏమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఫ్యాక్టరీలో, మందులు ఉడికే రియాక్టర్ దగ్గర, ఒక పద్ధతి ఉంది. వచ్చే షిఫ్టు మనిషి కుర్చీలో కూర్చున్నాకే పోయే షిఫ్టు మనిషి లేవాలి. అయిదు నెలల కిందట ఒక మధ్యాహ్నం తర్వాతి షిఫ్టు యాదన్న కాస్త ముందే వచ్చాడు. "మీరు పోండ్రి సారూ, ఇగ నేను సూస్కుంట," అని కుర్చీ అందుకున్నాడు. భీమశంకరం గేటు దాటాడు. సైరన్ మోగింది. అది ఆగేలోపే రియాక్టర్ పేలింది. యాదన్నను గుర్తుపట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అప్పటి నుంచి ఆ సైరన్‌లో భీమశంకరానికి యాదన్న గొంతే వినిపిస్తోంది. నేను సూస్కుంట, నేను సూస్కుంట అని. ఎవరితో చెప్పుకుంటాడు? మోకాలు నొప్పి వంకతో గేటు ముఖం చూడలేదు. ఒకటో తారీకుకల్లా డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం ఊడినట్టేనని కంపెనీ కాగితం పంపింది. కోనసీమ నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో పదేళ్లుగా నిలదొక్కుకున్న సంసారం, ఇంకో ఇరవై రోజుల్లో మూటాముల్లె కట్టుకోవాలి.

మొదటి రోజు సోమమ్మ కిరాణా కొట్టు దాకా వెళ్లాడు. సైరన్ మోగగానే అతను తాడు బిగబట్టి బిగుసుకుపోయాడు, గున్న గజగజ వణికి అతని కాళ్ల మధ్యకు దూరింది. ఆ వణుకు చూసి భీమశంకరం వెనక్కి తిరిగాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బుల్లెమ్మా, దీనికీ వినబడుతోందే! యాదన్న గొంతు. కుక్కలకు అలాంటివి తెలుస్తాయిట."

బుల్లెమ్మ గున్న వైపు, భర్త వైపు మార్చి మార్చి చూసింది.

"అయితే దానికెంత భయంగా ఉందో చూడండి," అంది చివరికి. "నోరులేని పిల్ల. మీరు తాడు బిగబట్టి వణికిపోతే అదేమైపోతుంది? మీరు నిబ్బరంగా ఉండండి, అదే కుదుటపడుతుంది."

ఆ మాట అతనికి పట్టుకుంది. తన సంగతి ఎలా పోయినా ఈ పిల్లను అలా వదిలేస్తే పాపం కాదూ? జేబు నిండా బిస్కట్లు పోసుకుని రోజూ బయలుదేరాడు. సైరన్ వేళకు మోకాళ్ల మీద కూర్చుని, దాని తల నిమురుతూ, "ఏం కాదురా నాన్నా. నేనున్నానుగా. అది ఉత్త కూత," అని చెప్పేవాడు. చెబుతూ చెబుతూ తన పళ్లు కటకటలాడటం తగ్గిందని గమనించాడు. గున్న వణుకూ తగ్గింది. వారం తిరిగేసరికి లారీలు తూచే కాంటా దాటారు. ఆ పై వారం వేపచెట్టు దాకా వచ్చారు. అక్కడి నుంచి గేటు కనబడుతుంది.

ఒకటో తారీకున గేటు ముందు నిలబడ్డారు.

"ఒచ్చినవా సారూ!" ఐలన్న కుర్చీలోంచి లేచాడు.

సైరన్ మోగింది. ఇంత దగ్గర్నుంచి విని ఎన్నాళ్లయింది! భీమశంకరానికి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే గున్న కూడా పరుగెత్తుతుంది, వెనక రోడ్డు నిండా లారీలు. దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గున్న కదల్లేదు, బెదరలేదు. తోక ఊపుతూ అతని ముఖంలోకి చూసింది.

"యాదన్నా," అన్నాడు భీమశంకరం, కళ్లు ధారలు కడుతుంటే. "ఇంక లే నాయనా. నీ డ్యూటీ అయిపోయింది. నేను చూసుకుంటా."

సైరన్ ఆగింది. ఏ గొంతూ వినబడలేదు.

తాడు ఐలన్న చేతికిచ్చి, కళ్లు తుడుచుకుని, "చూశావా, ఎలా నిలబడిందో! భయం వదిలించేశాను," అన్నాడు గర్వంగా. లోపలికి నడిచాడు.

వేపచెట్టు చాటు నుంచి బుల్లెమ్మ వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని.

"ఇగ సారుకు అసలు ముచ్చట చెప్తవా అమ్మా?" అన్నాడు ఐలన్న.

"వద్దు ఐలన్నా. ఆయన నేర్పారనే అనుకోనీ."

వెనక నుంచి ఒక లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టింది. ఇద్దరూ ఉలిక్కిపడి పక్కకు దూకారు. గున్న నేల మీది బిస్కట్ పొడి నాకుతూనే ఉంది.

అది పుట్టు చెవిటిది.