ఉప్పెక్కువ

"ఉప్పెక్కువైంది" అంది భార్య, చెంచా ఇంకా నోటిదాకా పోకముందే.

"ముందు రుచి చూసి చెప్పవే" అన్నాడు బస్సు డ్రైవరు.

ఆదివారం. ఫలహారానికి ఆలస్యం, భోజనానికి తొందర అనిపించే వేళ. వీధి మలుపులోని ఆ కొట్లో నాలుగే బల్లలు. అద్దాల బీరువాలో చీజు ముక్కలు, ఊరబెట్టిన దోసకాయలు, పల్చగా కోసిన మాంసం. అందరూ ఇంట్లో బట్టలతోనే లేచి వచ్చి తీరిగ్గా తింటున్నారు. ఆమె ఒక్కతే కోర్టులో సాక్షిలా బిగుసుకుని కూర్చుంది.

ఒక చెంచా సూపు మింగింది. డ్రైవరు తన గిన్నె ముట్టకుండా ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

బాగుంది. అదే ఆమె బాధ. చిక్కుడు గింజలు వెన్నలా కరిగిపోతున్నాయి. తన చేతికి ఏనాడూ రాని రుచి.

"ఉప్పెక్కువని చెప్పానుగా."

"ఉప్పు సరే, మిగతాదో?"

"నేనేం వండినా తలెత్తకుండా మింగి లేచే మనిషి! ఎవరో వండితే ఇన్ని ఆరాలా? పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా!"

పక్క బల్ల దగ్గర చెప్పులు కుట్టే తాత గిన్నెని రొట్టెముక్కతో తుడిచి నోట్లో వేసుకున్నాడు. "ఎవరి చెయ్యో గానీ బంగారం! ఇంకో గిన్నె పొయ్యవయ్యా" అని కేకేశాడు.

డ్రైవరు మొహం వెలిగిపోయింది. అది ఆమె కంట పడింది.

"ఆ చెయ్యి మీకు బాగా తెలుసన్నమాట."

"ఏ చెయ్యే?"

"శనివారాలు పొద్దుపోయి వచ్చి ఆకలి లేదంటారే, ఇక్కడేనా మీ డ్యూటీ?"

డ్రైవరు ఆమె గిన్నెని ముందుకి జరిపాడు. "చల్లారిపోతోంది, తాగు" అన్నాడు.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. విసురుగా వెళ్లి వంటింటి తెర పక్కకి లాగింది. లోపల పెద్ద గిన్నె, గరిటె, గోడకి వేలాడుతున్న ఏప్రాన్. మనిషి లేదు.

"ఎక్కడ దాచారు బాబాయ్ ఆవిణ్ని?" అని కొట్టు పెద్దాయన్ని నిలదీసింది.

పెద్దాయన డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆయన్నేం చూస్తారు, నన్ను చూసి చెప్పండి! పిలవండి ఆ మహాతల్లిని. ఉప్పెక్కువైందని మొహం మీదే చెప్పి పోతాను."

పక్క బల్ల తాత కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

పెద్దాయన భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇందాకటి నుంచీ మొహం మీదే చెప్తున్నావు కదమ్మా. ఇంట్లో నువ్వు గరిటె ముట్టనివ్వవని, శనివారం డ్యూటీ దిగి ఇక్కడికొచ్చి ఈ సూపు వండిపోయేది మీ ఆయనే!"