తేలు

“తొడాదీంగ పెరియవరే!” ముట్టుకోవద్దని ప్రశాంత్‌కుమార్ అరవంలో అరిచాడు.

ముసలాయన అప్పటికే ముట్టుకున్నాడు. పచ్చి నురుగు ఎడమచేతి వేలికి బంకలా అంటుకుంది.

“పోయింది! ఇంక వారం దినాలైనా అది వదలదు.”

తమిళనాడులోని ధర్మపురిలో ప్రశాంత్‌కుమార్‌ది రంగు చేపల దుకాణం. చేపల తొట్టికి వెనకవైపు నిలబెట్టే బండరాళ్లు చేయడంలో అతనిది అందె వేసిన చేయి. అవి నిజం రాళ్లు కావు. డబ్బాలోంచి అట్టమీద నురుగు కొడతాడు. అది పొంగి గట్టిపడ్డాక కత్తితో చెక్కి, సిమెంటు పూసి, రంగు వేస్తే అచ్చం హొగెనకల్ జలపాతం బండలే. నురుగు మహా మొండిది. ఒకసారి బయటికొచ్చాక ఎవరి మాటా వినదు.

“గమ్ బాగా పట్టియ్యాల సార్. లేకుంటే నీళ్ళు పోస్తానే బండ మితక్కోని పైకి వచ్చేస్తాది,” అని కొనేవాళ్లకు మరీమరీ చెబుతాడు.

చెక్కగా రాలిన ముక్కలు గోనెసంచిలో పడేస్తాడు. ముసలాయన వచ్చేది వాటికోసమే. అప్పుడప్పుడు బస్సు దిగి వస్తాడు. కుడిచేయి వేలాడుతూ ఉంటుంది. ఎడమచేత్తో సంచి చూపిస్తాడు. ప్రశాంత్ తలాడిస్తాడు. కాసిని ముక్కలు ఏరుకుని వెళ్లిపోతాడు. ఎందుకని ఇతను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ రోజు ప్రశాంత్ మనసు మనసులో లేదు. పొద్దున్నే ఏరియూరు నుంచి కూతురు ఫోన్ చేసింది. బడికి లీవని తల్లితో కలిసి అమ్మమ్మ ఊరికి వెళ్లింది అభిరామి.

“నైనా, నేను బాయిలో ఈత నేర్చుకుంటా!”

“ఒద్దు. బాయి పక్కం పోయినావంటే కాళ్ళు ఇరగ్గొడతా.”

“తాత నేర్పిస్తాడు నైనా. భయమే లే.”

“మీ తాతకే మోకాళ్ళ నొప్పి. ఫోన్ అమ్మకియ్యి.”

ఫోన్ కట్టయింది. మళ్లీ కలవలేదు.

ముసలాయన ఇప్పుడు సంచి దగ్గరికి పోలేదు. గల్లాపెట్టె పైనున్న అభిరామి ఫోటో ముందు నిలబడిపోయాడు. ఆయన ముఖం వెలిగింది.

నురుగంటిన వేలితో ఫోటో చూపించాడు.

“పా...ప.”

ప్రశాంత్ ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు వినడం అదే మొదలు.

వేలు సంచి వైపు తిరిగింది.

“తేలు.”

“తేలా? యాడ?” ఆయనదీ తెలుగేనని ప్రశాంత్‌కు ఇప్పుడే తెలిసింది.

ప్రశాంత్ సంచి బోర్లించాడు. కాలితో ముక్కలు కెలికాడు.

“ఏమీ లేదే పెద్దాయనా!”

ముసలాయన కాదు కాదని తలూపాడు. మళ్లీ ఫోటో చూపించాడు. తన నడుం చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

“పాప... తేలు.”

ప్రశాంత్‌కు ఒళ్లు మండింది. తేలు పాకినట్టు చేసి చూపిస్తున్నాడు!

“నా బిడ్డకు తేలు కుట్టాలా? శాపం పెట్టేదానికి వచ్చినావా నువ్వు?”

ముసలాయన నోరు మెదిపాడు. మాట రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. సొంత నోరే ఎదురు తిరిగితే మనిషి ఏం చేయగలడు?

వాకిట్లో మునిసిపాలిటీ చెత్తబండి ఆగి ఉంది. ప్రశాంత్ ముక్కలన్నీ సంచిలోకెత్తి అందులో విసిరేశాడు.

“ఇంక ఈ పక్కం రావద్దు!”

బండి కదిలింది. ముసలాయన కాలీడ్చుకుంటూ దాని వెంట నాలుగడుగులు పరుగెత్తాడు. తర్వాత ఆగిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం ప్రశాంత్ భార్య రంజని ఫోన్ చేసింది.

“ఏమండీ, పాప బాయిలో పడి...”

అంతే. మళ్లీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

మోటారు సైకిలు మీద బయలుదేరాడు. పెన్నాగరం దాటాక ఫోన్‌కు సిగ్నలే లేదు. ఆపి చూసుకోవడం, మళ్లీ నడపడం. దారి పొడుగునా ఏడవడం తప్ప అతని చేతిలో ఏమీ లేకపోయింది.

బావి గట్టున జనం మూగి ఉన్నారు. నేలమీద ఎవరినో పంచె కప్పి పడుకోబెట్టారు. ప్రశాంత్ జనాన్ని తోసుకుంటూ అటు పరుగెత్తాడు.

“నైనా!”

రంజని ఒళ్లో, దుప్పట్లో వణుకుతూ అభిరామి. ఒక్క అంగలో వెళ్లి బిడ్డను గుండెకు హత్తుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

చుట్టూ ఊరి పిల్లలు తడిబట్టలతో ఏడుస్తున్నారు. ప్రతి పిల్ల నడుముకూ పాతచీర గుడ్డలో చుట్టి కట్టిన బెండు. ఒకదాని గుడ్డ చిరిగింది. లోపల పసుపుపచ్చని నురుగు ముక్క.

ప్రశాంత్ మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. పంచె కిందనుంచి ఎడమచేయి బయటికి ఉంది. వేలికి ఎండిన నురుగు.

“ఎవరు... ఎవరాయన?”

“నారాయణసామి తాత,” అంది రంజని. “వాతం కొట్టి చేయి, మాట పడిపోయినా పిల్లోళ్ళకు ఈత నేర్పించేది మాన్లేదు. బెండు కట్టకుండా ఎవురినీ నీళ్ళలో దించడు. పాపకు ఒక్కదానికే తక్కువైంది. నిన్న ధర్మపురికి పోయి ఒట్టి చేత్తో వచ్చినాడు. పాపం, దీన్ని మెట్టుమీదే కూర్చోబెట్టినాడు. పాచికి జారి పడింది. ఆ ఒంటిచేత్తోనే దూకేసినాడండీ!”

ప్రశాంత్ నోరు మెదిపాడు. మాట రాలేదు.

“తాత తేలు తేలు అంటానే ఉండె నైనా,” అంది అభిరామి.

“తేలా?”

“నీకు తెలీదా? తాత కుప్పం పక్కం ఆయన. మనం మితక్కేది అంటామే, దాన్ని వాళ్ళు తేలేది అంటారంట. వీళ్ళు వచ్చి అందుకునేదాకా నన్ను పైకెత్తి పట్టుకోని, ‘పాప, తేలు... పాప, తేలు’ అంటా అంటానే, తాత మునిగిపోయినాడు నైనా.”