సున్నం బొట్టు రాయి

ఆ సాయంత్రం కూడా అరుగు మీద రాయి ఉంది.

కొబ్బరికాయంత నల్లరాయి. నెత్తిన సున్నంతో పెట్టిన బొట్టు.

శేషఫణి సైకిలు దిగకుండానే దాన్ని చూశాడు. పొద్దున ఆఫీసుకు వెళ్ళేటప్పుడు అది లేదు. నిన్న సాయంత్రం ఉంది. నిన్న పొద్దున లేదు.

"రోజూ అంతేనండీ," అంది సుగుణ గుమ్మంలోంచి. "పొద్దుగూకేసరికి వస్తుంది, తెల్లారేసరికి పోతుంది. దానికేమన్నా కాళ్ళున్నాయా?"

వాళ్ళు బెజవాడ నుంచి రాయదుర్గం వచ్చి పన్నెండు రోజులు. టెలిఫోన్ ఆఫీసులో బదిలీ. అది ఎనభై అయిదో సంవత్సరం. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి.

బెజవాడలో సందు మలుపు తిరిగితే కాలవ. ఇక్కడ పనిమనిషి మారెక్క తెల్లవారుతూనే మూడు కడవల నీళ్ళు తెచ్చి పోస్తుంది. మూడంటే మూడే. వంటా, స్నానాలూ, చంటిపిల్ల గుడ్డలూ అన్నీ అందులోనే.

"ఆ మూడూ వచ్చినన్నాళ్ళు ఉంటాను," అని సుగుణ మొదటివారమే తేల్చి చెప్పింది. "రాని రోజున పిల్లనెత్తుకుని రైలెక్కుతాను. మీరూ మీ బదిలీ కాపరం చేసుకోండి."

రాయి సంగతి ఆ పొద్దునే మారెక్కను అడిగింది.

"అది చౌడన్న రాయి గదమ్మా," అంది మారెక్క, కడవ దించుతూ. "దాన్ని కదిలించాకండి. అది లేకుంటే మీ ఇల్లు ఎండిపోతాది."

సుగుణ ఇంకేమీ అడగలేదు. పిల్లను చంకలోంచి దించలేదు.

చౌడన్న అంటే చౌడప్ప. ఆయనెవరో వాళ్ళకు తెలుసు. రోజూ సాయంత్రం పిలవకుండా వచ్చి అరుగు మీద కూర్చునే ముసలాయన. ఎండిన కందికట్టెలా ఉంటాడు. అడక్కూడనివన్నీ అడుగుతాడు.

"ఏమప్పా, జీతమెంత?"

"పాపకు పాలు చాలతాండాయా?"

"అది సరేగాని సామీ, నీ పెండ్లాము నవ్వేది మీ ఊర్లోనే పెట్టొచ్చిందా?"

బెజవాడలో బయల్దేరేటప్పుడు సీమ గురించి చెప్పినవాళ్ళు చాలామందే. బాంబులన్నారు కొందరు. చేతబళ్ళన్నారు కొందరు. బాంబులు ఇంతవరకూ కనబడలేదు.

శేషఫణి రాయిని పాత పేపర్లో చుట్టి, సైకిలు వెనక కట్టి, కొండ కిందికి వెళ్ళి విసిరేసి వచ్చాడు. రాయదుర్గం కొండ కింద ఒక రాయి కలిసిపోవడం ఎంతసేపు?

తిరిగొచ్చేసరికి చౌడప్ప అరుగు కింద వంగి వెతుకుతున్నాడు.

"ఏమప్పా, ఈడ పెట్టిన రాయేది?"

"పారేశాను."

"యాడ?"

"కొండ కింద. ఇదిగో చూడు పెద్దాయనా, చంటిపిల్ల ఉన్న ఇల్లు. ఇలాంటివి మా గుమ్మంలో పెట్టొద్దు. రేపట్నుంచి అరుగెక్కొద్దు కూడా."

చౌడప్ప కొండ వైపు చూశాడు. తర్వాత శేషఫణి వైపు చూశాడు.

"రాయదుర్గంలో రాళ్ళకేమప్పా కరువు," అని నవ్వి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

పొద్దున మారెక్క వచ్చింది. ఖాళీ కడవలతో నిలబడింది.

"రాయి యాడుండాది సార్?"

శేషఫణి చెప్పాడు. మారెక్క కడవలు కింద పెట్టేసింది.

"అయ్యో, ఎంత పని చేస్తిరి సార్! ఈ ఈదికి ఉండేది ఒగటే బాయి. పద్నాలుగిండ్లు, పద్నాలుగు రాళ్ళు. ఏ గడపలోంచి రాయొస్తే ఆ ఇంటికి నాలుగు కడవలు. కొత్తగా వచ్చినోళ్ళకు రాయి లేదు. పాపముండే ఇల్లని చౌడన్న తన రాయి తెచ్చి మీ అరుగు మీద పెడతా ఉండె. తెల్లారుతూనే నేనెత్తకపోయి బాయి గట్టు మీద పెడతా ఉంటి. మూడు కడవలు మీకు, ఒగటి ఆయనకు."

"ఆ ముక్క ముందే చెప్పకపోయావా?"

"చెప్తి గదా సార్, అది లేకుంటే ఇల్లు ఎండిపోతాదని."

లోపల సుగుణ మంచం కిందినుంచి ట్రంకుపెట్టె లాగుతున్న చప్పుడు వినిపించింది. శేషఫణి చెప్పులు కూడా వేసుకోకుండా బావి దగ్గరికి నడిచాడు. మారెక్క కడవలెత్తుకుని వెంట వచ్చింది.

గట్టు మీద రాళ్ళు వరసగా ఉన్నాయి. మొట్టమొదటిది కొత్తరాయి. బొట్టు సున్నం ఇంకా తడిగా ఉంది.

వంతులు చూసే హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు.

"రాండి సార్, అది మీదే. ఇంత ముందర చౌడన్న పెట్టి పోయినాడు. ఇంకమీద నాలుగు కడవలూ మీకేనంట."

"మరి ఆయనకో?"

"ఆయప్ప మొదటి బస్సుకు కణేకల్లు పోయె. కూతురింటికి. ఆడ కాలవుండాదిలే."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"ఏమొస్తాడు సార్. తన రాయి మీకిచ్చేసె. ఇంగొగరి గడపలో కడవ పట్టుకుని నిలబడేది ఆయప్పకు రాదు. మీ అరుగేమో మీరు వద్దంటిరి."

మారెక్క నాలుగో కడవ నింపి తుండుగుడ్డ చుట్ట చేసుకుంది. శేషఫణి హనుమంతరాయుడి వైపు తిరిగాడు.

"ఆయన కోసం ఇంకో రాయి పెట్టలేకపోయారా? ఒక్కటేగా!"

"పెడతామంటిమి సార్. బతిమలాడితిమి. ఒప్పుకోలే."

హనుమంతరాయుడు చేంతాడు మెల్లగా లోపలికి వదిలాడు. బొక్కెన నీళ్ళకు తగలడానికి చాలాసేపు పట్టింది.

"వాన పడేదాకా ఈ గట్టు మీద రాయి పెరగగూడదని కట్టుబాటు పెట్టిందే ఆయప్ప సార్, ఈ బాయి తవ్విన రోజు, తవ్విన చేతుల్తోనే."