ఒక్క తూటా చాలు

"ఒక్కటంటే ఒక్కటి లేదా వదినా?" సాయిలు గడపలోనే నిలబడి అడిగాడు.

"ఉంటే ఇయ్యకపోదుమా? ఏడు తూటాలుండె. ఏడూ తీస్కపోయి ఠాణాల జమ జేసొచ్చిన," అంది నర్సింగమ్మ, చేటలో బియ్యం చెరుగుతూనే. "కొత్త చట్టం వస్తాందట. ఒక్కో తూటాకు ఒక్కో నంబరంట. యాడ పేల్చినవ్, ఎందుకు పేల్చినవ్, అన్నీ రాసియ్యాల్నంట. ఒక్కటి తప్పినా జైలే. కొందామంటే దుకాణాల్ల గూడ దొర్కుత లేవంట."

సాయిలు గుండెల్లో రాయి పడింది. రెండెకరాల పల్లిచేను, కాయ గట్టిపడే వేళ. మొన్న రాత్రే అడవిపందులు ఒక మూల తోడిపోయాయి. ఊళ్లో తుపాకీ ఉన్నది నర్సింగమ్మ మొగుడు పెద్దులు ఒక్కడికే. పంట కాపలాకని వాళ్ల నాయన కాలంలో లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకీ అది. గాల్లోకి ఒక్క దెబ్బ పేలిస్తే చాలు, పందులు వారందాకా ఆ దిక్కు చూడవు.

అంత తుపాకీ ఉండి కూడా పెద్దులు చేను దక్కలేదు. సర్పంచి ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పజెప్పాలి కదా, అప్పజెప్పాడు. ఎన్నికలయ్యాక తిరిగి తెచ్చుకునేసరికి మూడెకరాల్లో పీకడానికి ఒక్క మొక్క మిగల్లేదు. ఏం కర్మో! నలుగురిని నవ్వించే మనిషి, అప్పటినుంచి మంచం దిగడమే మానేశాడు. ఇప్పుడూ అంతే, గోడకు వేలాడుతున్న తుపాకీని చూస్తూ కూర్చున్నాడు.

సాయిలు వెనక్కి తిరగబోతూ తలుపు చూశాడు. ఒక రెక్క పగిలి ఉంది. గడియ లేదు, మేకుల గుంతలు మాత్రం మిగిలాయి.

"గడియ ఊడిందేంది వదినా? సందెకొచ్చి బిగిస్త."

"గడియ జోలికి రాకు," అని కసిరింది నర్సింగమ్మ. "నీ చేను సంగతి నువ్వు జూస్కో."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. సాయిలు నొచ్చుకున్నాడు.

ఆమె బిందె తీసుకుని వాకిట్లో నల్లా దగ్గరకు వెళ్లగానే పెద్దులు తల తిప్పాడు. దిండు కింద నుంచి ఛార్జింగ్ లైటు తీసి సాయిలు చేతిలో పెట్టాడు.

"ఉంచుకో. నాకింక ఏం పని?"

"అట్లంటవేంది అన్నా? రేపు మళ్ల పంటేస్తే కావలికి నీకు గావాలె గద."

"జర నా మాటిను. పక్కూరి గోపయ్య దగ్గర తూటాలుంటయ్. ఒక్కటి తెచ్చియ్యి. మీ వదినకు చెప్పకు, బెదురుతది."

"ఒక్కటి సరిపోతదా?"

"ఒక్కటి చాలు."

సాయిలు కళ్లు చెమ్మగిల్లాయి. సొంత చేను పోయి కూర్చున్నా నా చేను కోసం ఆరాటపడుతున్నాడే! అన్నంటే ఇట్లుండాలి, అనుకున్నాడు.

భిక్షం హోటల్లో చాయ్ తాగేవాళ్ల నోటా అదే ముచ్చట. తూటాల ఫ్యాక్టరీ మూతపడిందని ఒకడు, తుపాకులే గుంజుకుంటారట అని ఇంకొకడు. గోరంతను కొండంత చేయాలంటే మనవాళ్ల తర్వాతే ఎవరైనా! సాయిలు చాయ్ కూడా తాగకుండా బండి తీశాడు.

సంగతి విని గోపయ్య పకపకా నవ్వాడు.

"కరువా? మొన్ననే పాలమూరుల డబ్బా తెచ్చుకున్న. ఇగ చట్టమంటవా, నిన్న ఠాణాకు పోయి అడిగిన. అసొంటిదేం లేదన్నరు. ఎవరో మీ ఊరోళ్ల చెవుల పువ్వు పెట్టిండ్రు."

"మా వదిన ఏడు తూటాలు జమ జేసొచ్చింది గద కాకా!"

"మీ ఊరికెల్లి ఎవ్వరు రాలేదని వాళ్లే చెప్పిరి గదరా."

గోపయ్య లోపలికి పోయి ఒక తూటా తెచ్చాడు. "లైసెన్సు లేనోని చేతికి ఇయ్యొద్దు. పెద్దులు మొఖం జూసి ఇస్తున్న. సక్కగ పోయి ఆయన చేతులనే పెట్టు."

తిరిగొస్తూ సాయిలు హోటల్ ముందు బండి ఆపాడు. "భిక్షం, గీ చట్టం ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

"ఇంకెవరు? మీ వదినే. వారం కింద పొద్దుగాల్నే వచ్చి, పదిమందికి చెప్పుమని మరీ చెప్పి పోయింది."

సాయిలుకు కడుపు మండిపోయింది. ఇంకేముంది, తూటాలు పుట్టింటికి పంపి ఉంటుంది. ఆమె తమ్ముడికీ లైసెన్సుంది మరి. ఎవడి చేను ఏమైపోతే ఆమెకేం?

అతను వెళ్లేసరికి నర్సింగమ్మ గడపకు అడ్డంగా కూర్చుని కూర తరుగుతోంది.

"తప్పుకో వదినా. అన్నకు ఒకటిచ్చేది ఉంది."

ఆమె చూపు అతని జేబు మీద పడింది. కత్తిపీట పక్కకు నెట్టి లేచింది.

"ఏం తెచ్చినవ్?"

"తూటా! చట్టం లేదు, కరువు లేదు. అంతా నువ్వు పుట్టించిన పుకారే. నిజం చెప్పు, ఆ ఏడూ ఏం జేసినవ్?"

"బాయిల పడేసిన."

"ఎందుకు? నా చేను పందుల పాలు గావాల్ననా?"

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. అతని జేబును రెండు చేతులా పట్టుకుంది.

"నీ చేనుకు నేనొచ్చి కావలుంట. తెల్లందాక డబ్బా కొడత. గది మాత్రం ఆయనకియ్యకు, నీ కాళ్లు మొక్కుత."

"అన్ననే తెమ్మన్నడు వదినా. నా చేను కోసమే గద!"

నర్సింగమ్మ లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పందులొచ్చేది రాత్రిల గదా, సాయిలూ? మీ అన్న పట్టపగలు, లోపట గడియేసుకొని తుపాకి నింపిండు."